పగిలితే ఎవరు కట్టాలి?

సైన్సు మాస్టారికి బదిలీ ఆర్డరు వస్తే ముందుగా మనసులో మెదిలేది కొత్త ఊరు కాదు, పాత బళ్లోని స్టాక్ రిజిస్టరు. కుంభాకార కటకాలు ఎన్ని, దండాయస్కాంతాలు ఎన్ని, అమ్మీటర్లు ఎన్ని, బ్యూరెట్లు ఎన్ని అని ఒక్కొక్కటీ లెక్కపెట్టి వచ్చేవారికి అప్పగించి, సంతకం పుచ్చుకుంటేగానీ ఛార్జి దిగినట్టు కాదు. లెక్కలో రెండు కటకాలు తగ్గాయా, కొత్తాయన పెన్ను పైకెత్తి ‘మరి ఇవి?’ అంటాడు. ఆయన తప్పేం లేదు, రేపు ఆయనా అప్పగించాల్సినవాడే. అందుకే మాలో ఒక లోపాయికారీ తెలివి తయారైంది. సామాను దిగిన రోజే బీరువాలో సర్ది తాళం వేసేస్తే, వచ్చినప్పుడు ఎలా ఉందో మనం వెళ్లిపోయేటప్పుడూ అలాగే ఉంటుంది. పిల్లలు ముట్టుకోరు, పగలదు, ఆడిట్‌లో అభ్యంతరం రాదు.

గోదావరి జిల్లాల సర్కారు బళ్లలో నా ఉద్యోగం ముప్ఫై ఏళ్లు దాటింది. నల్లబల్ల నుంచి టచ్‌స్క్రీన్ దాకా అన్నీ నా కళ్లముందే వచ్చాయి. కొత్త పరికరం ఏది వచ్చినా దాంతో పిల్లలు ఏం నేర్చుకుంటారని అందరూ చర్చిస్తారు. నేను మాత్రం అడిగేది ఒక్కటే: ఇది పాడైతే డబ్బులెవరు కడతారు? ‘ఎవరూ కట్టక్కర్లేదు’ అని జవాబొచ్చిన వస్తువే పిల్లల చేతికి వెళ్లింది. తక్కినవి చూసి మురిసిపోవడానికే మిగిలాయి.

బొమ్మూరు డైట్‌లో టీచరు ట్రైనింగు ముగించుకుని కోనసీమలో ఒక లంక ఊరి ప్రాథమిక పాఠశాలలో చేరేనాటికి అవి ‘అపెప్’ రోజులు. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం అన్నమాట. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో 1984లో కొద్ది బళ్లలో ప్రయోగంగా మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతటికీ పాకింది. దానికి ఆరు సూత్రాలు. చేస్తూ, కనిపెడుతూ, ప్రయోగాలు చేస్తూ నేర్చుకోవడం ఒకటి. ఊళ్లో దొరికే వాటినీ పరిసరాలనూ పాఠానికి వాడుకోవడం ఒకటి. పిల్లలు చేసినవాటిని గదిలో ప్రదర్శించడం మరొకటి. దగ్గర దగ్గర బళ్ల మాస్టార్లమంతా టీచర్స్ సెంటర్లో కలుసుకుని, ఎవరేం చేశారో చూపించుకునేవాళ్లం. పర్యవేక్షకులు వస్తున్నారని తెలిసి ముందురోజు రాత్రి మాస్టార్లే కాగితాలు కత్తిరించి తాడుకి వేలాడదీసిన బళ్లూ ఉన్నాయి. అది అందరికీ తెలిసిన రహస్యమే. అయినా అంతవరకూ నేలమీద బాసింపట్టు వేసుకుని ఎక్కాలు వల్లించడమే చదువనుకున్న పిల్లలు గుంపులుగా కూచుని ఏదో ఒకటి చెయ్యడం మా ఊళ్లో కొత్త.

అపెప్ కింద వచ్చినవి ఏమిటంటే చార్టులు, రంగు కాగితాలు, జిగురు, స్కెచ్ పెన్నులు. వీటిలో విశేషం ఏమీ లేదు, ఒక్కటి తప్ప. అవన్నీ వాడితే అయిపోయే సరుకు. రిజిస్టరులో వచ్చినట్టు ఒక గీత, ఖర్చయినట్టు ఒక గీత, అంతే. జిగురు డబ్బా ఖాళీ అయిందని నన్నెవరూ నిలదీయలేదు. లంకలో ఇక కొబ్బరికి కరువేముంది! ఈనె పుల్లలు పది చొప్పున కట్టలు కట్టి పదులూ ఒకట్లూ నేర్పాం. కొబ్బరి చిప్పలతో త్రాసు కట్టి చింతగింజలు తూచాం. త్రాసు విరిగితే మధ్యాహ్నం ఇంటికెళ్లి వచ్చేటప్పుడు మరో రెండు చిప్పలు తెచ్చేవారు.

అదే గదిలో ఓ మూల రేకు పెట్టె ఒకటి ఉండేది. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకంలో వచ్చిన సైన్సు కిట్టు, చిన్న పనిముట్ల కిట్టు. అందులో సామాను నిజంగా బాగుండేది. నేను చేరేసరికి తాళానికి తుప్పు పట్టింది. తెరిపించి చూస్తే లోపల చాలా వస్తువులకి తొడుగు కాగితం కూడా విప్పలేదు. నాకు ముందున్నాయన చాలా మంచి మనిషి, పద్ధతైన మనిషి. ఆ పద్ధతే పెట్టెను కాపాడింది. కొబ్బరి చిప్పకి రిజిస్టరు లేదు కనక అది తిరిగింది. కిట్టుకి రిజిస్టరు ఉంది కనక అది కూచుంది. నేను ఆ తర్వాత చూసినదంతా ఈ రెండింటి కథే.

ప్రమోషన్ మీద ఫిజికల్ సైన్సు స్కూల్ అసిస్టెంటుగా పశ్చిమగోదావరిలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకి వచ్చాను. భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల ఎటు చూసినా రొయ్యల చెరువులు, చేపల చెరువులు. రాత్రిళ్లు చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ల హోరు. ఇక్కడ ల్యాబ్ అనే గది ఉంది, బీరువాలు ఉన్నాయి, మీటర్ల ఇత్తడి మరలకి పచ్చగా చిలుము పట్టింది. డెల్టా తేమ ఏ లోహాన్నీ వదలదు. వాడకపోతే ఇంకా త్వరగా తింటుంది. 2014 ప్రాంతంలో కొత్త పాఠ్యపుస్తకాలు వచ్చాయి. పేజీ పేజీకీ కృత్యాలు, ప్రయోగశాల కృత్యాలు. పుస్తకం రాసినవాళ్ల ఉద్దేశం బంగారం. ఆ కృత్యాల్నీ ప్రాజెక్టుల్నీ మార్కులకి ముడిపెట్టేసరికి నెట్ సెంటర్లలో ప్రాజెక్టులు రంగుల అట్టలతో సహా అమ్మకానికి వచ్చాయి. ఒకే అక్షరదోషంతో క్లాసులో సగంమంది ప్రాజెక్టులు నా బల్లమీదికి వచ్చేవి.

హెచ్చెమ్ గారితో కూచుని ఒక ఒప్పందానికి వచ్చాం. స్కూలు గ్రాంటులో సైన్సుకి వచ్చే నాలుగు రూపాయలతో ఖరీదైన పరికరం ఒక్కటీ కొనొద్దు. ఎల్ఈడీలు, తొమ్మిది వోల్టుల బ్యాటరీలు, టార్చి బల్బులు, తీగ చుట్టలు, సిరంజీలు, బెలూన్లు, సెలైన్ గొట్టాలు కొనాలి. అన్నీ వాడితే అయిపోయే సరుకు కింద రాయాలి. పాత స్పీకర్ల నుంచి ఊడదీసిన అయస్కాంతాలు మెకానిక్ షాపువాళ్లు ఊరికే ఇస్తారు. బీరువాలో అమ్మీటర్ బీరువాలోనే ఉంటుంది, కావాలంటే నేను తీసి చూపిస్తాను. బల్లమీది సామాను మాత్రం పిల్లలది.

ఎనిమిదో తరగతిలో ద్రవాల్లో విద్యుత్తు ప్రవహించే పాఠం ఉంది. బ్యాటరీ, ఎల్ఈడీ, చిన్న నిరోధం, నీళ్లలో ముంచడానికి రెండు రాగి తీగల కొసలు ఉంటే చాలు. ఎవరింటి నీళ్లు వాళ్లు సీసాలో తెమ్మన్నాను. ఆర్వో ప్లాంటు నీళ్లు, పంట కాలువ నీళ్లు, బోరు నీళ్లు, మురుగు డ్రెయిను నీళ్లు, రొయ్యల చెరువు నీళ్లు వచ్చాయి. ఆర్వో నీళ్లలో ఎల్ఈడీ వెలిగిందో లేదో చేతులు అడ్డం పెట్టి చీకటి చేసి చూడాల్సి వచ్చింది. కాలువ నీళ్లలో మినుకు మినుకుమంది. చెరువు నీళ్లలో భేషుగ్గా వెలిగింది. అంతవరకూ నేను అనుకున్నదే. బోరు నీళ్ల దగ్గరే గొడవ వచ్చింది. రెండు సీసాల్లో దాదాపు చెరువు నీళ్లంతగా వెలిగింది. ‘ఈ బోరు నీళ్లు చెరువు నీళ్లకి చుట్టాలేనండి మాస్టారండీ’ అన్నాడొకడు. చెరువులు పెరిగాక బోర్లు ఉప్పుబారాయా, సముద్రం దగ్గర కనక మొదట్నుంచీ అంతేనా అన్నది ఊళ్లో పెద్దల మధ్య ఉన్న తగువే. అది పిల్లల మధ్యకి వచ్చింది. చెరువులున్నవాళ్ల పిల్లలు, లేనివాళ్ల పిల్లలు ఒకే బెంచీమీద ఉన్నారు. ఎల్ఈడీ ఎంత ఉప్పుందో చూచాయగా చెబుతుంది, అది ఎవరి ఉప్పో చెప్పదు అన్నాను. ఆర్వో ప్లాంటు అతన్ని అడిగి, నీళ్లలో కరిగిన లవణాల్ని కొలిచే టీడీఎస్ మీటరు తెచ్చి, ఏ వీధి బోరుకి ఎంతో అంకెలతో పట్టిక వేశారు. దూరం కొలుచుకుని, కాలువకి దగ్గరున్న బోర్లేవో, చెరువులకి దగ్గరున్నవేవో గుర్తులు పెట్టారు. తీర్పు రాలేదు. తగువు మాత్రం పెద్దవాళ్ల తగువు కంటే మర్యాదగా జరిగింది.

ఆ సందట్లోనే ఒక తీగ కొస దగ్గర బుడగలు రావడం, రెండో కొస చుట్టూ నీళ్లు నీలిపచ్చగా మారడం కనిపెట్టిన పిల్ల ఒకతి ఉంది. పుస్తకంలో తర్వాతి పేజీలో ఉన్న సంగతే. ఆ పేజీ దాకా మేమింకా వెళ్లలేదు.

ఎల్ఈడీలు చాలా మాడిపోయాయి. కొందరు నిరోధం పెట్టడం మర్చిపోయి మాడ్చారు, కొందరు మాడితే ఎలా ఉంటుందో చూద్దామని మాడ్చారు. అందుకని ఒక నోటుబుక్కు పెట్టాను. ఏది పాడైంది, ఏం చేస్తే పాడైంది, రెండు మాటల్లో ఎవరిది వాళ్లు రాయాలి. తిట్లు ఉండవు, డబ్బులు ఉండవు. ‘ఎల్ఈడీ. బ్యాటరీకి నేరుగా తగిలించాను. ఒక్కసారి చాలా బాగా వెలిగింది.’ ‘పరీక్షనాళిక. వేడిగా ఉండగా చన్నీళ్లలో పెట్టాను. టప్‌మంది.’ ‘బెలూన్. దీనికి కారణం లేదు.’ పరీక్షల్లో అచ్చు పుస్తకం భాష రాసే పిల్లలే ఇవీ రాశారు. దిద్దబుద్ధి కాలేదు.

తీగలూ నీళ్లూ చేతికి అలవాటయ్యాక గోదావరి వరదకి ధవళేశ్వరంలో ఇచ్చే హెచ్చరికల నమూనా చేద్దామన్నారు. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. క్యూసెక్కుల్లో సుమారు పది లక్షలు, పదమూడు లక్షలు, పదిహేడు లక్షలు. మావైపు పిల్లలకి ఎక్కాలతో సమానంగా వచ్చే అంకెలివి. 2022 జులైలో పాతిక లక్షలు దాటినప్పుడు లంకల్లోంచి వీళ్ల మేనత్తలూ అమ్మమ్మలూ మూటలతో వచ్చి వీళ్ల ఇళ్లలోనే ఉన్నారు. ముసలివాళ్లు 1986 ఆగస్టు వరదని తలుచుకున్నారు. అడుగుని సెంటీమీటరుగా లెక్కేసి, ప్లాస్టిక్ బకెట్‌కి లోపల ఆ మూడు ఎత్తుల్లో మూడు జతల తీగలు, మూడు రంగుల ఎల్ఈడీలు. మగ్గుతో పోస్తూ ఉంటే నీళ్లు తగిలిన జత వెలుగుతుంది. కాలువ నీళ్లతో మినుకే కదా, గుప్పెడు ఉప్పు వేశారు, జిగేల్‌మంది. అప్పుడు ఒక పిల్లాడు అన్నాడు: ‘గోదారిలో ఉప్పెవరు కలుపుతారండీ?’

దానికి జవాబు వెతుక్కుంటేనే థర్మాకోల్ బెండు వచ్చింది. నీళ్లతోపాటు పైకి లేచి రెండు రేకుల్ని కలిపేది. నీటిలో కరెంటు పని లేకుండా నీటి ఎత్తునే వాడుకునేది. ఇంట్లో ట్యాంకు నిండగానే మోటారు ఆపేసే తేలుడు స్విచ్చీ అదే పని చేస్తుందని వాళ్లే తర్వాత గుర్తుపట్టారు.

ఇలాంటి నమూనాలకి డబ్బిచ్చే పథకాలూ ఉన్నాయి. ఇన్‌స్పైర్ మనక్ కింద ఎంపికైన పిల్లకి నమూనాకోసం ఖాతాలో పదివేల రూపాయలు పడతాయి. అటల్ టింకరింగ్ ల్యాబ్ మంజూరైన బడికైతే ఇరవై లక్షల దాకా గ్రాంటు, త్రీడీ ప్రింటరు, ఆర్డ్యునో బోర్డులు, సెన్సార్లు. అలాంటి ల్యాబులు కొన్ని చూశాను. కొన్నిచోట్ల పిల్లలు నిజంగా అద్భుతాలు చేస్తున్నారు. కొన్నిచోట్ల త్రీడీ ప్రింటరు మీద గుడ్డ కప్పి ఉంది. ఆ గుడ్డ తీస్తే లోపల తొడుగు కాగితం కూడా ఉందేమోనని నాకు అనుమానం.

కంప్యూటర్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఉన్నత పాఠశాలలకి కాంట్రాక్టు మీద కంప్యూటర్ గదులు వచ్చాయి, గడువు తీరింది, బోధకులు వెళ్లిపోయారు, గది మిగిలింది. కరోనాలో దూరదర్శన్ పాఠాలు, వాట్సాప్ పాఠాలు నడిచాయి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో చెరువుమీదికి పోయేది.

సర్కారు బళ్లని బాగుచేసే నాడు–నేడు పనులు 2019 నవంబర్‌లో మొదలయ్యాక బడి రూపమే మారింది. నీళ్లొచ్చే మరుగుదొడ్లు, ఫ్యాన్లు, రంగులు. (ఆ మరుగుదొడ్ల ఫొటోలు రోజూ యాప్‌లో ఎక్కించే భాగ్యమూ మాకే కలిగింది.) తర్వాత 2022 డిసెంబర్ 21న ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబుల పంపిణీ మొదలైంది. ఆ వెనకే హైస్కూలు తరగతి గదుల్లో గోడకి ఇంటరాక్టివ్ ప్యానెళ్లు వచ్చాయి.

ట్యాబు గురించి పిల్లల్ని చెడగొడుతుందని కొందరు, ఉద్ధరిస్తుందని కొందరు వాదించుకున్నారు. మా ఊళ్లో నేను చూసింది రెండూ కాదు. ఒక పిల్లాడి ఇంటికి వెళ్తే వాళ్లమ్మ బీరువా తెరిచి పట్టుచీర మడతల్లోంచి ట్యాబు తీసి చూపించింది. ‘పగిలితే మేం ఎక్కణ్ణుంచి తెస్తాం మాస్టారూ, వాడికి ఆదివారం ఇస్తాను’ అంది. చెరువు కాపలా కుటుంబం. ఆవిడ భయం మా స్టాక్ రిజిస్టరు భయమే. కాకపోతే ఆవిడకి సంతకం పెట్టించుకుని అప్పగించడానికి వెనక ఎవరూ లేరు.

ప్యానెల్‌తో నాకు పేచీ లేదు. గుండె కవాటాలు తెరుచుకోవడం, అణువుల కదలిక, గ్రహణం పట్టే తీరు నల్లబల్ల మీద నా చేతి బొమ్మతో చెప్పిన ఏళ్లు తలుచుకుంటే పిల్లలకి నేనే ఏదో బాకీ పడినట్టుంటుంది. నాకు అన్నిటికంటే ఉపకరించింది కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు ఉచితంగా ఇచ్చే ఫెట్ అనుకరణలు. తెరమీద బ్యాటరీ, తీగ, బల్బు వేలితో లాగి కలపొచ్చు. బ్యాటరీ రెండు కొసల్నీ ఉత్త తీగతో కలిపేస్తే మంట లేస్తుంది. మొదటిసారి ఆ మంట చూసి క్లాసు క్లాసంతా ఈల వేసింది. పీరియడ్ అయ్యేవరకూ వంతులవారీగా బ్యాటరీని తగలబెడుతూనే ఉన్నారు. ఆపలేదు. ప్రపంచంలో ఏ సైన్సు ల్యాబూ ఇవ్వని వరం అది: ఎన్నిసార్లు తగలబెట్టినా రిజిస్టరులో ఎక్కదు. షార్ట్ సర్క్యూట్ అంటే భయపడి తీగ ముట్టుకోని ఆడపిల్లలిద్దరు ఆ రోజు తర్వాత బల్లమీద నిజం తీగలకి వచ్చారు. నిజం తీగ మాత్రం మండలేదు. వేడెక్కింది, బ్యాటరీ నీరసించింది. తెర అబద్ధం చెప్పిందా అని అడిగారు. కాదు, మీ బ్యాటరీ చిన్నది, లోపలి నిరోధం దాని కరెంటుని కట్టేసింది అన్నాను. అంతర్నిరోధం ఆ తరగతి పాఠం కాదు, వాళ్లు అడిగారు కనక వచ్చింది.

తెర చూశాక ఊళ్లోకి వెళ్లాల్సి వచ్చే పాఠాలూ ఉంటాయి. ద్రవాల పీడనం చెబుతూ ప్యానెల్ మీద పనామా కాలువ వీడియో వేశాను. ఓడ ఒక గదిలోకి వస్తుంది, వెనక తలుపు మూస్తారు, నీళ్లు నింపుతారు, ఓడ పైకి లేస్తుంది, ముందు తలుపు తీస్తారు. ‘ఇదేంటండీ, మన లాకులే కదండీ’ అన్నారు వెనక బెంచీ వాళ్లు. కాటన్ దొర 1852లో ఆనకట్ట ముగించాక తవ్వించిన డెల్టా కాలువలు సాగుకే కాదు, పడవలకీ. మట్టం మారిన చోటల్లా లాకులు కట్టారు. పడవలు పోయాయిగానీ లాకుల గోడలు ఉన్నాయి. శనివారం సైకిళ్ల మీద వెళ్లాం. గోడలమీద నీటి చారలు ఏ ఎత్తున ఉన్నాయో కొలిచారు, పైమట్టానికీ కిందమట్టానికీ తేడా తీసి తలుపు మీద పడే పీడనం లెక్క కట్టారు. అక్కడ గేదెల్ని కడుగుతున్న పెద్దాయన చిన్నప్పుడు ధాన్యం పడవలెక్కి ఈ లాకులు దాటిన కథ చెబుతూ కూచోబెట్టేశాడు. ఎండెక్కాక బయల్దేరాం.

ఏరియేటర్లు రాత్రిపూటే ఎందుకంత హోరుగా తిరుగుతాయన్నది పిల్లలకి నాకంటే బాగా తెలుసు. తెల్లవారుజామున ‘డీఓ పడిపోయింది’ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్ తగ్గిపోయింది) అని ఫోనొస్తే నాన్న పరిగెత్తడం వాళ్లు చూసినదే. కరెంటు పోతే జనరేటర్ వెయ్యడానికి నిద్రలేచేది వీళ్లే. కిరణజన్య సంయోగక్రియ పాఠం మరో పుస్తకంలో, మరో పీరియడ్‌లో ఉంటుంది. జీవశాస్త్రం టీచరమ్మగారూ నేనూ కలిసి చెప్పాం. ఆక్వా షాపులో దొరికే ఆక్సిజన్ పరీక్ష కిట్టు తెప్పించాం. సీసాలో గాలిబుడగ లేకుండా నీళ్లు నింపి, రెండు మందులు చుక్కలు వేస్తే గోధుమరంగు మడ్డి కడుతుంది. ఆ మడ్డి ఎంత చిక్కనైతే అంత ఆక్సిజన్. తర్వాత ఆమ్లంతో కరిగించి, రంగు పోయేదాకా మరో ద్రావణం చుక్కలు లెక్కపెట్టడమే. ఆమ్లం పని మాది, లెక్క వాళ్లది. మధ్యాహ్నం తెచ్చిన సీసా, తెల్లవారుజామున చెరువుగట్టు మీదే మందువేసి బిగించి తెచ్చిన సీసా పక్కపక్కన పెడితే ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తనే పీల్చుకుంటుంది. గట్టుమీద కాపలా పడుకునే పిల్లాడు చుక్కలు లెక్కపెట్టి, ‘ఇంకాస్త తగ్గుంటే మా నాన్నకి ఉద్యోగం ఉండేది కాదండి’ అన్నాడు నవ్వుతూ.

మొన్న తొమ్మిదో తరగతి గదిలో ప్యానెల్ ఆగిపోయింది. ఫిర్యాదు ఎక్కించి చాలా కాలం ఎదురుచూశాక ఒక కుర్ర టెక్నీషియన్ వచ్చాడు. గది ఖాళీ చేయించమన్నాడు. పిల్లలు ఉండగానే విప్పండి బాబూ, దూరంగా నిలబడతారులే అన్నాను. ప్లగ్గు తీసి, కాసేపు ఆగి, వెనక మరలు విప్పాడు. ఇంతకాలం గోడమీద నున్నగా మెరిసిన వస్తువు లోపల పచ్చ బోర్డులు, తీగలు, దుమ్ము, ఒక బల్లి గుడ్డు పెంకు. పవర్ బోర్డు మీద ఒక చిన్న డబ్బాలాంటిది పైకి ఉబ్బి ఉంది. ‘కండెన్సర్ పోయిందండీ’ అని ముందు వరసలోంచి ఒక పిల్ల అంది. టెక్నీషియన్ వెనక్కి తిరిగి చూశాడు. ‘మా నాన్న మోటార్ల షెడ్డండీ, ఏరియేటర్లకి కూడా ఇలాగే ఉబ్బితే మార్చేస్తాడు’ అంది.

అతను మొదట నవ్వి ఊరుకోబోయాడు. తర్వాత ఏమనుకున్నాడో, బోర్డు ఊడదీసి బల్లమీద పెట్టాడు. మోటారుకి వేసేది వేరే రకం, దానికి ప్లస్సూ మైనస్సూ లేవు, ఇది అలా కాదు, తిరగేసి పెడితే పేలుతుంది, ఈ నల్లగీత వైపు మైనస్సు అని చూపించాడు. ఎందుకు ఉబ్బుతుందండీ అని అడిగారు. లోపల ద్రవం ఉంటుంది, వేడికి ఆవిరై వాయువు పుడుతుంది, పైన కత్తి గాటులా గీత ఉంది చూడండి, పూర్తిగా పేలకుండా అక్కడ విచ్చుకోవడానికి పెట్టారు అన్నాడు. ఇది ఒక్కటే మారిస్తే చాలదా అని ఆ పిల్ల అడిగింది. చాలుతుంది గానీ కంపెనీ లెక్కలో బోర్డుకి బోర్డే మార్చాలి, పాతది వాపసు కట్టాలి అన్నాడు. పావుగంట ఉంచండి, బొమ్మ వేసుకుంటారు అని అడిగాను. టీ తెప్పించాను. పావుగంట అన్నది పీరియడ్ అయ్యేదాకా సాగింది. బోర్డు చుట్టూ మూగిన పిల్లలకి కాయిల్ ఏది, ఫ్యూజు ఏది, హీట్‌సింక్ ఎందుకు అని టీ చల్లారిపోతున్నా చెబుతూనే ఉన్నాడు. నేను వెనక బెంచీలో కూచుని హాజరు వేసుకున్నాను.